బడిలో సూక్ష్మదర్శిని

మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని ప్రాంతముల గృహిణులకు ధూళిని గురించి వేరుగ చెప్పనక్కరలేదు. ఉదయము కడిగిన అరుగు సాయంకాలమునకు నల్లబడును. దండెము మీద ఆరవేసిన తెల్లబట్ట తెల్లగనే ఇంటిలోనికి వచ్చునన్న నమ్మకము లేదు. అయితే అరుగు మీద కంటికి కనబడు ముతక ధూళిని మన ముక్కును, గొంతును చాలవరకు ఆపివేయును. ఊపిరితిత్తుల చివరనుండు గాలిగదుల వరకు పోగలిగినది మిల్లీమీటరులో వెయ్యవ వంతులు అయిదింటికి లోబడిన సన్నని రేణువు. మన కన్ను మిల్లీమీటరులో పదవ వంతు కంటె చిన్నదానిని విడదీసి చూడజాలదు. కావున మనకు ఎక్కువ కీడు చేయు ధూళియే మనకు కనబడని ధూళి.

కంటికి గల ఈ హద్దును దాటించు సాధనము సూక్ష్మదర్శిని. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము చదువు పిల్లలకు కణమును గూర్చిన పాఠము, సూక్ష్మజీవులను గూర్చిన పాఠము తప్పక వచ్చును. ఆ రెండు పాఠములకును ఈ సాధనమే ద్వారము. ద్వారము తెరువక గోడమీది పటమును చూపి పాఠము ముగించినచో, కణమనునది పిల్లవానికి పరీక్షలో గీయవలసిన బొమ్మగ మిగిలిపోవును. తన దేహము అట్టి కణములతోనే నిర్మింపబడినదను ఎరుక కలుగదు. అందుచేత సూక్ష్మదర్శిని ఎట్లు పనిచేయును, దానిని బడిలో ఎట్లు వాడవలెను, మన బొగ్గు ప్రాంతమున దానితో ఏమి తెలిసికొనవచ్చును అను మూడు సంగతులను ఇచట వివరింతుము.

1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు బెండు ముక్కను పలుచగ కోసి తన సూక్ష్మదర్శిని క్రింద నుంచెను. తేనెపట్టులో వలె చిన్న చిన్న గదులు వరుసగ కనబడెను. ఆ గదులకు అతడు పెట్టిన పేరే నేడు మనము కణమని పిలుచుచున్నదానికి మూలము. అతడు చూచినవి జీవము పోయిన ఖాళీ గదులు. ప్రాణముతో కదలు సూక్ష్మజీవులను చూచిన కీర్తి హాలండు దేశమున డెల్ఫ్ట్ పట్టణవాసియగు లీవెన్‌హుక్‌కు దక్కినది. అతడు బట్టల వర్తకుడు. విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. తన చేతితో సానబట్టిన ఒకే ఒక చిన్న కటకముతో 1674 నాటికే చెరువునీటిలోని జీవులను పరిశీలించి, తాను చూచినదానిని లండనులోని రాయల్ సొసైటీకి లేఖలుగ వ్రాసెను. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణములలో కేంద్రకమును గుర్తించెను. 1838లో ష్లైడెన్ మొక్కలను గూర్చి, 1839లో ష్వాన్ జంతువులను గూర్చి చెప్పిన మాటలు కలిసి, జీవులన్నియు కణనిర్మితములను సిద్ధాంతమైనది.

ఇవన్నియు దూరదేశముల ముచ్చటలని అనుకొననక్కరలేదు. సూక్ష్మదర్శిని చేసిన మహోపకారములలో ఒకటి మన సికింద్రాబాదులోనే జరిగినది. మలేరియా రోగుల నెత్తుటిలో ఒక పరాన్నజీవి యున్నదనియు, దానియందు నల్లని వర్ణకము కనబడుననియు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే తెలిపియుండెను. ఆ జీవి ఒకరి దేహము నుండి మరియొకరి దేహమునకు ఎట్లు చేరునో ఎవరికిని తెలియదు. సికింద్రాబాదు బేగంపేటలో సైనిక వైద్యుడుగ పనిచేయుచుండిన రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగ కోసి, కడుపులోని ప్రతి భాగమును సూక్ష్మదర్శినితో వెదకెను. ఎండలు తీవ్రము. పంకా విసరినచో కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక పంకా లేకయే పనిచేసెను. నుదుటి చెమటకు, చేతుల చెమటకు యంత్రపు మరలు త్రుప్పు పట్టెను. మిగిలిన ఒక్క నేత్రకటకమును బీటలు వారెను. 1897 ఆగస్టు 20వ తేదీన, మచ్చల రెక్కలు గల ఒక జాతి దోమ కడుపు గోడలో అతనికి గుండ్రని కణములు కొన్ని కనబడెను. వానిలో మలేరియా జీవియందుండునట్టి నల్లని వర్ణకమే యుండెను. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెద్దవై యుండెను. దోమకును మలేరియాకును గల సంబంధము అట్లు బయలుపడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది. అతడు పరిశోధించిన భవనము బేగంపేటలో నేటికిని కలదు.

ఈ కథలో విద్యార్థులు గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. రాస్ అంతకు ముందు ఎన్నో దోమల కడుపులను కోసి చూచియుండెను. వాని గోడలోని మామూలు కణములు ఎట్లుండునో అతని కంటికి బాగుగ అలవాటైయుండెను. కనుకనే మామూలు కానిది కనబడగనే గుర్తింపగలిగెను. యంత్రము వస్తువును పెద్దది చేసి చూపును; ఏది మామూలో ఏది క్రొత్తదో చెప్పునది అభ్యాసమున్న కన్ను. ఆ అభ్యాసము బడిలో ప్రారంభము కావలెను.

ఇక యంత్రము పనిచేయు విధము. బడులలో వాడు సంయుక్త సూక్ష్మదర్శినిలో రెండు కటక వ్యవస్థలు ఉండును. వస్తువునకు దగ్గరగనుండునది వస్తుకటకము. అది వస్తువు యొక్క పెద్ద ప్రతిబింబమును గొట్టములో ఏర్పరచును. కంటికి దగ్గరగనుండు నేత్రకటకము ఆ ప్రతిబింబమును మరల పెద్దదిచేసి చూపును. నేత్రకటకము పదింతలు, వస్తుకటకము నలుబదింతలు చూపునదైనచో మొత్తము వృద్ధి 400 ఇంతలు. ప్రతిబింబము తలక్రిందులై, కుడి యెడమలు తారుమారై కనబడును. దీనిని తెలిసికొనుటకు వార్తాపత్రిక నుండి చిన్న అక్షరము నొకదానిని కత్తిరించి స్లైడు మీద నిలువుగ నుంచి చూచిన చాలును. అక్షరము తిరగబడి కనబడును. స్లైడును ఎడమకు జరిపిన బొమ్మ కుడికి పోవును. పిల్లలు మొదటి రోజున తికమకపడునది ఇచటనే. కావున మొదటి అభ్యాసము ఉల్లిపొరతో గాక అక్షరముతో చేయించుట మేలు.

పెద్దదిగ చూపుట ఒక్కటే యంత్రము యొక్క గొప్పతనము కాదు. వార్తాపత్రికలోని ఛాయాచిత్రమును భూతద్దముతో చూచినచో చుక్కలు కనబడును. ఇంకను పెద్దది చేసినచో చుక్కలే పెద్దవగును గాని ముఖములోని క్రొత్త వివరమేదియు కనబడదు. సూక్ష్మదర్శినికిని అట్టి హద్దు కలదు. దగ్గర దగ్గరగనున్న రెండు బిందువులను రెండుగ చూపగల శక్తి కాంతి తరంగము పొడవు మీదను, కటకము కాంతిని ఎంత విశాలమైన కోణము నుండి గ్రహింపగలదను దాని మీదను ఆధారపడునని జర్మనీ శాస్త్రజ్ఞుడు అబ్బె 1873లో నిరూపించెను. బడిలోని నలుబదింతల కటకము మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు, అనగా ఒక మైక్రోమీటరునకు, ఇంచుమించు నాలుగు పదవ వంతుల దూరముననున్న బిందువులను విడదీయును. చుక్క నూనె వేసి చూచు నూరింతల కటకము రెండు పదవ వంతుల వరకు పోగలదు. కనుక బాక్టీరియాలు చుక్కలవలె, పుల్లలవలె కనబడును. వైరసులలో మిక్కిలి పెక్కింటిని కాంతి సూక్ష్మదర్శినితో చూడజాలము.

మరియొక నియమము వస్తువు యొక్క పలుచదనము. ఈ యంత్రములో కాంతి క్రిందనుండి వస్తువు గుండ పైకి రావలెను. మన ఊరి పిల్లవాడు ఉత్సాహముతో చిన్న బొగ్గు పలుకును స్లైడు మీద పెట్టి చూచినచో నల్లని మచ్చ తప్ప ఏమియు కనబడదు. కాంతి దానిని దాటిరాలేదు గదా! కాని ఆ బొగ్గులోనే ఒక ప్రాచీనారణ్యము దాగియున్నది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు సమీపమున బొగ్గును కనుగొన్నది మొదలు గోదావరి లోయలో బయలుపడిన బొగ్గుపొరలు పెర్మియన్ యుగము నాటివి. అనగా ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడినవి. అప్పటి వృక్షములలో గ్లాసోప్టెరిస్ ముఖ్యమైనది. శాస్త్రజ్ఞులు బొగ్గును నునుపుచేసి పైనుండి కాంతి ప్రసరింపజేసి చూతురు; లేదా కాంతి దూరునంత పలుచగ అరుగదీయుదురు. అప్పుడు కలప కణముల గోడలు, ఆకుల పైపొరలు కనబడును. 1946లో లక్నోలో స్థాపింపబడిన బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన పరిశోధకులు ఈ లోయలోని బొగ్గు నుండి, దానితోడి రాళ్ల నుండి పరాగరేణువులను, సిద్ధబీజములను వేరుచేసి, వానిని బట్టి పొరల వయస్సును పోల్చి చూచిరి. తండ్రి గనిలో త్రవ్వునది ఒకనాటి చెట్టు అని కుమారునకు చెప్పగల సాక్ష్యము ఈ సాధనమే యిచ్చినది.

ఇప్పుడు వాడుక. యంత్రమును ఒక చేత మెడ పట్టుకొని, రెండవ చేతిని పీఠము క్రింద నుంచి తీసికొని రావలెను. కిటికీకి ఎదురుగ పెట్టి, అద్దమును వెలుతురు వైపు త్రిప్పవలెను. సూర్యబింబము వైపు అద్దమును ఎన్నడును త్రిప్పరాదు. కంటికి శాశ్వతమైన హాని కలుగవచ్చును. విద్యుద్దీపము గల యంత్రమునకు ఈ భయము లేదు.

ఉల్లిగడ్డను నాలుగు ముక్కలుగ కోసి, ఒక కండగల రేకు లోపలివైపు నుండి, అనగా గుంటగనున్న వైపు నుండి, పలుచని పొరను శ్రావణముతో మెల్లగ లాగవలెను. స్లైడు మీద నీటిచుక్కలో ఆ పొరను ముడుతలు లేకుండ పరచవలెను. కవర్ స్లిప్పును ఒక అంచు నీటికి తాకునట్లు ఏటవాలుగ ఆనించి, సూది ఆధారముతో మెల్లగ దించవలెను. ఒక్కసారిగ పడవేసినచో గాలి బుడగలు చిక్కుకొనును. నల్లని దట్టమైన అంచుతో, చక్కని గుండ్రముగ కనబడు ఆ బుడగలనే చాలమంది పిల్లలు కణములని గీయుచుందురు. ఒక అంచున అయొడిన్ చుక్క వేసి, ఎదుటి అంచున అద్దుడుకాగితము నానించినచో రంగు పొర అంతట వ్యాపించును.

మొదట ఎల్లప్పుడు తక్కువ వృద్ధి గల కటకముతోనే చూడవలెను. ప్రక్కనుండి కనిపెట్టుచు కటకమును స్లైడునకు దగ్గరగ తెచ్చి, పిమ్మట కన్ను ఆనించి పెద్ద మరను దూరము జరుగు వైపునకు త్రిప్పుచు రావలెను. ఇట్లు చేసినచో కటకము స్లైడును గ్రుద్దుకొని పగిలిపోదు. బొమ్మ స్పష్టమైన తరువాత, చూడదలచిన భాగమును నడుమకు తెచ్చి, ఎక్కువ వృద్ధి కటకమునకు మారవలెను. ఆ మీదట పెద్ద మరను ముట్టరాదు. చిన్న మర మాత్రమే. వెలుతురు ఎక్కువైనచో పారదర్శకమైన వస్తువు కళ్లు చెదరు తెల్లదనములో మాయమగును. అప్పుడు డయాఫ్రమును కొంత మూయవలెను. వీలైనంతవరకు రెండవ కన్ను మూయకుండ చూచుట అలవాటు చేసికొనవలెను, కన్ను అలయదు.

ఇప్పుడు ఇటుకల గోడవలె కణములు కనబడును. ఒక్కొక్క దానిలో పసుపు గోధుమరంగున కేంద్రకము తేలును. హరితరేణువులు మాత్రము కనబడవు. మట్టిలో పెరుగు గడ్డకు వానితో పనిలేదు. వానిని చూడవలెనన్నచో చెరువు నుండి హైడ్రిల్లా తెచ్చి ఒక లేత ఆకును చూడవలెను. ఉల్లికణము పొడవెంత? నేత్రకటకము సాధారణ రకమునకు చెందినదైనచో, నూరింతల వృద్ధి యొద్ద కనబడు వలయము అడ్డుకొలత సుమారు 1.8 మిల్లీమీటరులు. ఆ అడ్డుకొలతలో ఆరు కణములు బారుగ పట్టినచో ఒక్కొక్కటి 0.3 మిల్లీమీటరు. పారదర్శకమైన కొలబద్దను తక్కువ వృద్ధి యొద్ద పెట్టి మీ యంత్రపు వలయమును మీరే కొలుచుకొనవచ్చును. కొలువగలిగిన పిల్లవానికి చూచినది వింతగ గాక విషయముగ తోచును.

మన ప్రాంతమునకు తగిన అభ్యాసములు రెండు చెప్పెదము. మొదటిది ధూళి పరీక్ష. నాలుగు స్లైడులకు పలుచగ వాజిలీను పూసి, ఒకటి బడి ఆవరణలోను, ఒకటి బొగ్గు లారీలు తిరుగు బాట ప్రక్కనున్న ఇంటి కిటికీలోను, ఒకటి చెట్ల నడుమను ఒక దినము పాటు ఉంచవలెను. నాలుగవదానిని పెట్టెలో మూసి యుంచవలెను. పోల్చుటకు అది ఆధారము. పిదప ఒక్కొక్క స్లైడులో పది చోట్ల వలయములోని రేణువులను లెక్కించి సగటు తీయవలెను. రేణువుల రూపమును గమనింపవలెను. బొగ్గుపొడి పలుకులు కోణములు తేలి విరిగిన ముక్కలవలె ఉండును. రామగుండములో 1983 నుండి విద్యుత్తు ఉత్పత్తి చేయుచున్న ఎన్.టి.పి.సి. కేంద్రము వంటి చోట్ల బొగ్గు మండగ మిగులు ఎగురు బూడిదలో మాత్రము గుండ్రని గాజు గోళములు విరివిగ కనబడును. కొలిమి వేడికి కరిగిన ఖనిజము చల్లబడుచు బిందువులుగ గడ్డకట్టుటయే కారణము. నల్లనిదెల్ల బొగ్గు కాదు. మసి, మట్టి, రబ్బరు పొడియు ఉండవచ్చును. మిక్కిలి సన్నని రేణువులు గాలిలో చిరకాలము తేలియాడును గనుక స్లైడు మీద పడినదానిని బట్టి పీల్చినదానిని లెక్కకట్టరాదు. అయినను, గనిలో రంధ్రము వేయునప్పుడు నీరు చల్లుట యెందులకో, ముఖమునకు ముసుగు ధరించుమని చెప్పుట యెందులకో ఆ ఒక్క స్లైడును చూచిన పిల్లలు ఇంటికి పోయి పెద్దలకు చెప్పగలరు. బొగ్గుధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొన్నచో కలుగు వ్యాధికి పూర్తిగ నయముచేయు మందు లేదు. ధూళిని అడ్డుకొనుటయే రక్ష.

రెండవది ఆకు పరీక్ష. బాట ప్రక్కనున్న మందారపు ఆకును, దూరపు తోటలోని మందారపు ఆకును తెచ్చి, రెండు వైపులను రంగులేని గోళ్లరంగు పలుచగ పూసి ఆరనిచ్చి, పారదర్శకమగు అంటుకాగితముతో ఆ పొరను ఊడదీసి స్లైడున కంటింపవలెను. పత్రరంధ్రముల అచ్చు, పెదవులవంటి రక్షకకణముల అచ్చు స్పష్టముగ దిగును. ధూళియు పొరతోబాటు వచ్చును. పత్రరంధ్రములు అనేక మొక్కలలో ఆకు అడుగున హెచ్చు. ధూళి పైన హెచ్చు. కనుక రెండు వైపులను చూచి, ఏది ఏ మేరకు కప్పబడినదో పిల్లలే తేల్చవలెను.

పిల్లల చేత నెత్తురు తీయించి చూపుట బడిలో తగదు. కాని ఆరోగ్యకేంద్రములలో జ్వరపీడితుల నెత్తుటిని స్లైడు మీద పూసి, రంగు వేసి, నూనె కటకముతో వెయ్యింతల వృద్ధి యొద్ద మలేరియా జీవికై వెదకు పద్ధతి నేటికిని నడచుచున్నది. ఎర్రకణము అడ్డుకొలత ఏడెనిమిది మైక్రోమీటరులు. దానిలో దాగిన జీవి అంతకంటె చిన్నది. వందల వలయములను ఓపికతో చూచు ఆ పనివాని కన్ను తప్పినచో రోగికి మందు ఆలస్యమగును. ఆ కంటికి తొలి శిక్షణ యిచ్చునది బడిలోని ఉల్లిపొరయే.

యంత్రరక్షణ కష్టమేమియు కాదు. కటకమును చొక్కా అంచుతో తుడువరాదు. దానికంటిన ధూళి గాజును గీచును. మొదట ఊదుబుడ్డితో ధూళిని తొలగించి, కటకములకై అమ్ము మెత్తని కాగితముతో తుడువవలెను. వానకాలములో తేమ వలన కటకముల మీద బూజు పట్టును గనుక, తొడుగు కప్పి పొడి చోట ఉంచవలెను. బీరువాలో తాళము వేసి యుంచిన యంత్రమునకే బూజు ముందుగ పట్టును. వాడుకలోనున్నదానికి సాధారణముగ పట్టదు.

ఒకే యంత్రముండి నలుబదిమంది పిల్లలున్నచో, అయిదుగురి చొప్పున పిలిచి చూపుచు, తక్కినవారి చేత స్లైడులు సిద్ధము చేయింపవచ్చును. నేత్రకటకము నొద్ద చేతిఫోను కెమెరాను ఆనించి తరగతికంతటికిని చూపవచ్చును. భారతదేశమున పుట్టి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న మను ప్రకాశ్, తన సహచరులతో కలిసి 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోపు అను మడత కాగితపు సూక్ష్మదర్శిని చవకైనది, జేబులో పట్టునది. లీవెన్‌హుక్ ఒంటి కటకపు పద్ధతియే అందులో మరల బ్రతికినది.

చివరకు చిత్రలేఖనము. పిల్లలు తాము చూచినదానినే గీయవలెను. ప్రక్కన వృద్ధి ఎంతో, తేదీ ఏదో వ్రాయవలెను. పొర మడత పడినచో మడతనే గీయవలెను; బుడగ వచ్చినచో బుడగ అని పేరు పెట్టవలెను. పాఠ్యపుస్తకములోని చక్కని బొమ్మను దించి వ్రాసినవానికి నిండు మార్కులు, చూచిన వంకర గోడను గీచినవానికి సగము మార్కులు ఇచ్చినచో, చూచుట వ్యర్థమను పాఠమును మనమే నేర్పినవారమగుదుము. ఇంట తల్లిదండ్రులు చేయదగిన సహాయమును ఒకటి కలదు. బడి నుండి వచ్చిన పిల్లలను, ‘ఈనాడు ఏమి చదివితివి?’ అని అడుగుటతోబాటు, ‘ఈనాడు ఏమి చూచితివి?’ అనియు అడుగుడు. వారము వారము ఆ ప్రశ్నకు జవాబు లేనిచో, ఉపాధ్యాయుల నొకసారి మర్యాదగ కలిసి, సూక్ష్మదర్శిని బీరువాలోనున్నదో బల్లమీద నున్నదో తెలిసికొనుడు.